ఒక కొట్టు, రెండు మీటర్లు

తూర్పు పక్క మడిగె ఖాళీ అయిందని తెలియగానే చీరల కొట్టు షావుకారుకి ముందు గుర్తొచ్చేది వాస్తు సిద్ధాంతి. తర్వాత మేస్త్రీ, ఫ్లెక్సీ వేసేవాడు. ఎలక్ట్రీషియన్ వంతు గోడ పడ్డాకే, అదీ సుత్తి దెబ్బకి వైరు తెగితేనే. పాత కొట్టులో మెయిన్ బోర్డుని ఏరికోరి ఆగ్నేయంలో పెట్టించిన సిద్ధాంతి, రెండు కొట్లూ కలిశాక ఆ మూల కాస్తా దక్షిణం మధ్యకి జరిగిందని తేల్చి, మరో దక్షిణ పుచ్చుకుంటాడు.

మీటర్లు మాత్రం రెండూ అలాగే ఉంటాయి.

ఎందుకుండవు? వాడకం పెరిగేకొద్దీ స్లాబు మారి యూనిట్ రేటు పెరుగుతుంది. రెండు మీటర్లుంటే చవక స్లాబు రెండుసార్లు దక్కుతుంది. అందుకే ఒకటి అయ్యగారి పేర, ఇంకోటి అమ్మగారి పేర. ఈ తెలివి డిస్కమ్‌లకు కొత్తేం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో వచ్చిన సరఫరా నిబంధనలు దీన్ని ముందే కనిపెట్టాయి. వేరే సర్వీసు కావాలంటే ఏర్పాటు, సిబ్బంది, లైసెన్సు వగైరా వేరుగా ఉండాలట. ఇళ్లకైతే వేరే వంటిల్లు. ఒకే ఆవరణలో ఒకే కుటుంబం సర్వీసుని ముక్కలు చేసి వాడుతోందని తేలితే, అన్నీ కలిపి ఒకే సర్వీసుగా బిల్లు వేసే హక్కు కంపెనీకి ఉంది. కౌంటర్ వెనక టీ ఫ్లాస్కు చూపించి వంటిల్లని వాదించడం షావుకారుకి కూడా కష్టమే.

అసలు తమాషా న్యూట్రల్ దగ్గర. కొత్త హాల్లో లైట్లన్నీ ఒకే స్విచ్‌బోర్డు మీదికి తెచ్చేటప్పుడు, ఎలక్ట్రీషియన్ ఫేజు ఒక మీటరు నుంచి తీసుకుని, న్యూట్రల్‌ని దగ్గర్లో కనిపించిన రెండో మీటరుకి కలిపేస్తాడు. "న్యూట్రలే కద సార్, ఏదైతే ఏంటి?" లైట్లు నిక్షేపంగా వెలుగుతాయి. కానీ ఇప్పటి సింగిల్ ఫేజ్ ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావరకు వెళ్లే కరెంటునీ, తిరిగొచ్చే కరెంటునీ కూడా కొలుస్తాయి. తేడా వస్తే దొంగతనమేమోనని అనుమానించి, ఎక్కువున్నదాన్నే లెక్కలో వేసుకుంటాయి. మొదటి మీటరు పంపిన కరెంటు తిరిగిరాదు. రెండోదానికి తాను పంపని కరెంటు వచ్చి పడుతుంది. ఇంకేం, అదే ట్యూబ్‌లైటుకి రెండూ యూనిట్లు వేస్తాయి! చవక స్లాబు కోసం దాచుకున్న మీటరే షావుకారు జేబుకి చిల్లు పెడుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే పడిపోయే ఆర్‌సీసీబీ ఉంటే మొదటిరోజే బండారం బయటపడాలి. కానీ మన ఎలక్ట్రీషియన్ దాన్ని "డిఫెక్టివ్ పీస్" అని పీకేస్తాడు.

ఇదంతా డబ్బు గోల. ప్రాణాల గోల వేరే ఉంది: రెండు సర్వీసులూ వేర్వేరు ఫేజుల మీదుంటే ఏ ప్లగ్గులో చూసినా 230 వోల్టులే, ఆ రెండు ఫేజు వైర్ల మధ్య మాత్రం 400. ఒక మెయిన్ ఆపి "ఇక చెయ్యి పెట్టరా" అంటే, సగం హాల్లో కరెంటు ఇంకా ఉంటుంది.

రెండు లోడ్లూ కలిపి ఒకే దరఖాస్తు, త్రీ ఫేజ్ మీటరు, పాతవి రెండూ సరెండర్ — దారి ఇంతే. అమెరికావాళ్ల విద్యుత్ కోడ్, సెక్షన్ 230.2లో, భవనానికి ఒకే సర్వీసు అంటుంది. మినహాయింపు మీద రెండోది ఇచ్చినా, మిగతా సర్వీసులు ఎక్కడున్నాయో చెప్పే ఫలకం ప్రతి సర్వీసు దగ్గరా పెట్టాలి. మన కొట్లో ఆ ఫలకం పెట్టినా మహా అయితే ఆషాఢం దాకా కనిపిస్తుంది. ఆ తర్వాత దాని మీద డిస్కౌంట్ పోస్టరు ఉంటుంది.