భవంతి బావ

శనివారం పొద్దున ఒక తెల్ల కారు వచ్చి పెద్దేముల్‌లో పాత భవంతి ముందు ఆగగానే మేస్త్రి బీడీ ఆర్పేస్తాడు. కూలీలు తట్టలు ఎత్తుకుంటారు. ఆ ఇంట్లోనే ఉండే పెద్దమ్మ అర్రలోకి పోయి తలుపు దగ్గరికేసుకుంటుంది. వారమంతా పడుకున్న పని ఆ హారను చప్పుడుకు లేచి కూచుంటుంది. కారు దిగేది మా భవంతి బావ.

ఊరంతా బావ అనడానికి వరసతో పని లేదు. హైదరాబాదులో మియాపూర్ ఫ్లాటు, ఏదో కంపెనీలో లెక్కల ఉద్యోగం, పిల్లలు అమెరికా పోయారు, బీపీ మాత్ర మొదలైంది. సరిగ్గా ఆ వయసులోనే మనిషికి తాతల ఇల్లు యాదికొస్తుంది. అంతకు ముందు ముప్పై ఏళ్ళూ అదే ఇంటిని ‘ఆ దిబ్బ’ అన్నాడు. ఇప్పుడు ‘వారసత్వ సంపద’ అంటున్నాడు. ఈ జాతి మనుషులు మన దిక్కు ఊరికొకరు తేలుతున్నారు. చేవెళ్ళ రోడ్డు మర్రిచెట్ల కింద శనివారం పొద్దున పట్నం నుంచి వచ్చే కార్లను ఆపి చూడండి, రెండు మూడింటి డిక్కీలో పాత ఇత్తడి గొళ్ళేలు దొరుకుతాయి.

బావకు ముందుగా కావలసింది ఇంటి వయసు. తొలి వారం ‘ఎనభై ఏళ్ళుంటయి’ అన్నాడు. నెల తిరిగేసరికి నూటయాభై అయింది. ఆ తర్వాత ట్రంకు పెట్టె అడుగున ఉర్దూ కాగితం ఒకటి దొరికింది. దాని మీద సాలు 1331 అని ఉంది. ఇక బావను పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు. ‘ప్రతాపరుద్రుడు పోయింది 1323లో. కాకతీయులు పోయిన ఎనిమిదేళ్ళకే మనోళ్ళు ఈ ఇల్లు కట్టిన్రు!’ అని కనబడిన వాడికల్లా చెప్పాడు. ఓరుగల్లు నుంచి తప్పించుకొచ్చిన సేనాని ఒకడు మా వంశవృక్షంలో రాత్రికి రాత్రే మొలిచాడు.

తాండూరులో ఒక రిటైరైన ఉర్దూ పంతులు ఆ కాగితం చూసి, కళ్ళజోడు తుడుచుకుని, మెల్లగా అన్నాడు: ‘ఇది ఫస్లీ సాలు బాబూ. నిజాం సర్కారు లెక్క. 590 కలుపుకోండి.’

కలిపితే 1921. ఆరు వందల ఏళ్ళు ఒక్క కూడికతో పోయాయి. బావ ఆ పూట జొన్నరొట్టె ముట్టలేదు.

కానీ ఈ జాతి అంత తొందరగా ఓడదు. ముందరి బంగ్లా కప్పు ఇనుప గర్డర్ల మీద షాబాద్ బండలు పరిచిన కప్పు. తుప్పు గీకుతుంటే ఒక గర్డరు మీద ఉబ్బెత్తు అక్షరాలు బయటపడ్డాయి: డోర్‌మన్ లాంగ్, మిడిల్స్‌బరో, ఇంగ్లండ్. ఇంగ్లండులో ఆ కంపెనీ 1875లో పుట్టింది. మన తాండూరు మీదుగా పోయే వాడి-సికింద్రాబాద్ రైలు అంతకు ఏడాది ముందే, 1874లో నడిచింది. ఓడ మీద వచ్చిన ఇనుము రైలెక్కి, తాండూరు నుంచి ఎడ్లబండి ఎక్కి ఊరు చేరి ఉంటుంది. 1932లో తెరిచిన సిడ్నీ హార్బర్ వంతెన కట్టింది కూడా ఆ కంపెనీయేనని బావకు తెలిసిన క్షణాన కాకతీయులు మరుగున పడ్డారు. ‘సిడ్నీ వంతెన, మన బంగ్లా ఒక్క తల్లి బిడ్డలు రా! పైగా మనది పెద్దది, పదేండ్లు!’ నిజానికి కాకతీయ సేనాని కన్నా ఈ గర్డరు కథే నాకు గొప్పగా అనిపించింది. మేస్త్రికి మాత్రం దాని మీద పట్టింపు లేదు. ‘సిడ్నీదైనా సిర్పూరుదైనా, తుప్పు తిన్నది తిన్నదే సారూ. కింద మద్దతు పెట్టకుంటే నెత్తి మీదికొస్తది’ అన్నాడు.

తర్వాతి ఘట్టం డంగుసున్నం. సున్నం మీద బావ ఉపన్యాసం గంటకు తక్కువ ఉండదు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువు పీల్చుకుని ఏళ్ళ మీద మళ్ళీ రాయి అవుతుందనీ, మట్టిగోడ మీద సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోయే దారి లేక గోడ ఉబ్బి పెచ్చులు రాలుతుందనీ వేలు ఆడిస్తూ చెప్తాడు. చెప్పింది ముమ్మాటికీ నిజం. వాళ్ళ నాయన పూయించిన సిమెంటు కింద గోడ ఎట్లా పిండి అయిందో వెళ్ళి చూసుకోవచ్చు. చిక్కల్లా ఆ సున్నం ఎక్కడ దొరుకుతుందన్నదే. తాండూరు చుట్టుపట్ల ఎక్కడ తవ్వినా సున్నపురాయే. ఆ రాయి కోసమే కరన్‌కోట్‌లో సర్కారు సిమెంటు ఫ్యాక్టరీ వెలిసింది. అంత రాయి మీద నిలబడి బావ సున్నం కోసం ఊళ్ళు పట్టుకు తిరిగాడు. మన రాయి సిమెంటై పోతుంది, లేకుంటే పాలిష్ బండై లారీ ఎక్కుతుంది. బట్టీలో కాల్చి సున్నం చేసేవాడు కరువు. ఎద్దులతో తిప్పే డంగు అసలే లేదు. కాబట్టి నమూనా కోసం బావ పెద్దమ్మ ఇడ్లీపిండి గ్రైండరులో సున్నమూ, ఇసుకా, నానబెట్టిన కరక్కాయ నీళ్ళూ, బెల్లమూ పోసి తిప్పాడు. ఆ మీద మూడు డజన్ల కోడిగుడ్లు తెమ్మన్నాడు. తెల్లసొన కలిపితే గోడ అద్దంలా మెరుస్తుందట.

పెద్దమ్మ గడపలోకి వచ్చి నిలబడింది.

‘మీ తాత కట్టినప్పుడు కోళ్ళు మనయే బిడ్డా. ఇప్పుడు గుడ్లు గోడకు పెట్టి, కూలోళ్ళకు పచ్చిపులుసు పోద్దామా?’

‘పెద్దమ్మా, ఇది వెయ్యేండ్ల టెక్నిక్.’

‘గ్రైండరు మొన్న దసరాకు కొన్నది.’

గ్రైండరు మళ్ళీ తిరగలేదు. అందులోని సున్నం మాత్రం బావ చెప్పినట్టే రాయి అయింది.

నేల సంగతి చెప్పకుండా దాటేయలేను. ఆ ఇంట్లో పరిచింది తాండూరు నీలం బండ, వందేళ్ళ కాళ్ళ రాపిడికి నున్నబడి, ఎండాకాలం చెంప ఆనిస్తే చల్లగా ఉండే బండ. మన బండ రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉంది, హైదరాబాదు వరండాల్లో ఉంది, సముద్రం దాటి దొరల తోటల్లో కూడా పరిచారు. బావ దాన్ని పెకిలించి, తమిళనాడులో కారైకుడి పక్కన ఆత్తంగుడి నుంచి పూల టైల్సు తెప్పించాడు. అవీ మంచివే, చేత్తో పోసినవి. చెట్టినాడు ఇళ్ళకు అవి అందం. కానీ ఆత్తంగుడి నుంచి తాండూరుకు నేల తెప్పించుకున్న మొదటి మనిషి మా బావే అయి ఉండాలి. టైల్సు దింపిన లారీ డ్రైవరు తిరుగు కిరాయికి తాండూరు బండలు వేసుకుపోయాడు.

ఇక సింహద్వారం. గుర్రపు మొగాలు చెక్కిన టేకు దర్వాజ అది. పాతికేళ్ళ కింద వాళ్ళ నాయన దాన్ని ఒక ఇనుప బీరువా ధరకు అమ్మేశాడు. బావ దాని జాడ తీస్తూ తీస్తూ చివరికి అనంతగిరి దిక్కు ఒక రిసార్టులో పట్టుకున్నాడు. తలుపు రెక్కకు కాళ్ళు బిగించి, పైన అద్దం వేసి భోజనాల బల్ల చేశారు. కొంటానంటే వాళ్ళు చెప్పిన ధరకు కొత్త కారొస్తుంది. అందుకని బావ ఇప్పుడు పెళ్ళిరోజుకూ పుట్టినరోజుకూ అక్కడికే భోజనానికి పోతాడు. అద్దం కింది గుర్రం మొగం మీద వేలు రాస్తూ, బిర్యానీ చల్లారబెట్టుకుని, బిల్లు కట్టి వస్తాడు.

ఇంత చేసేవాడికి ఇంట్లో వాటా ఎంత అంటే ఒక అర్ర, సాయమానులో సగం. పాలోళ్ళు పద్నాలుగు మంది. ‘మన భవంతి’ అని వాట్సప్ గ్రూపు ఉంది. బావ ఫొటో పెడితే పద్నాలుగు బొటనవేళ్ళు లేస్తాయి. ఖర్చు చీటీ పెడితే ఒక్కటీ లేవదు. న్యూజెర్సీ తమ్ముడు మాత్రం ఈతకొలను ఉంటే బాగుంటుందన్నాడు. తాండూరు కాక ఇంకో అడుగు ముందుకేసి, తన వాటా గోడకు చెయ్యి పెట్టొద్దన్నాడు. రంగులేస్తే రేపు పంపకంలో ధర పెరుగుతుందని ఆయన భయం. సాయమానులో నడిమి స్తంభం ఇద్దరి హద్దు మీద ఉంది. పోయి చూడండి: స్తంభం ఎడమ సగం డంగుసున్నం నునుపు, కుడి సగం పావురాల రెట్ట. మేస్త్రి దారం పట్టి గీసిన గీత వెంట్రుకవాసి తప్పలేదు.

ముందరి బంగ్లా అంతా చిల్లులు పడితే వెనుక పెద్దమ్మ ఉండే మట్టిమిద్దె ఒక్క చుక్క కారదు. దీని రహస్యం పట్టడానికి బావ పట్నం నుంచి ఒక ఇంజనీరును తెచ్చాడు. ఆయన కెమెరా పెట్టి గోడలన్నీ చూశాడు. పెద్దమ్మ నిచ్చెన చూపించింది. ఏటా రోహిణి కార్తెలో మనిషిని పెట్టి మిద్దె మీద చౌడుమట్టి పోయించి తొక్కిస్తుంది, తూములకు అడ్డం పడిన ఆకులు తీయిస్తుంది. మోకాళ్ళు బాగున్నప్పుడు తనే ఎక్కేది. బంగ్లా పిట్టగోడను చీల్చిన రావిచెట్టును చూపించి, ‘అది రెండాకులప్పుడు మీ నాయనకు చెప్పిన. వచ్చినప్పుడు పీకుతనన్నడు’ అంది. ఇంజనీరు రాసుకున్నాడు. బావ రాసుకోలేదు, దోమకొండ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను ఆ కుటుంబం బాగుచేసుకుంటే 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు వచ్చింది. తనూ దరఖాస్తు పెడతానన్నాడు.

ఇన్నాళ్ళలో పెద్దమ్మ అడిగింది ఒకటే. మోకాళ్ళు వంగడం లేదు, కూచునే దొడ్డి కావాలి అంది. చారిత్రక కట్టడంలో కమోడు పెడితే ఆత్మ పోతుందని బావ ఒప్పుకోలేదు. ఒక శనివారం బావకు ఆఫీసు పని పడి రాలేదు. మేస్త్రి మిగిలిన సున్నమూ, మిగిలిన ఆత్తంగుడి టైల్సూ, పెకిలించి పారేసిన నీలం బండలూ తీసుకుని వెనుక గోడకు ఆనించి దొడ్డి కట్టేశాడు. ఆదివారం సాయంత్రానికి తలుపు కూడా పెట్టాడు.

తర్వాతి వారం బావ ఎగిరెగిరి పడ్డాడు. అరిచి అరిచి కడుపులో గడబిడైతే అందులోకే పోయి చాలాసేపటికి బయటికొచ్చాడు. ఏమీ అనకుండా ఫోను తీసి నాలుగు దిక్కుల నుంచీ ఫొటోలు కొట్టాడు. దరఖాస్తుకు జతపరచాల్సిన ‘పూర్తయిన పనులు’ పేజీలో ఇప్పుడు ఆ నాలుగు ఫొటోలే ఉన్నాయి. కింద ఏమని రాయాలో తేలక, ప్రస్తుతానికి ‘1331’ అని మాత్రం రాశాడు.