నేను చూసే వంతు

మీ కంటికి ఆనని వెలుగును లెక్కపెట్టడం నా పని. అది దీపానిదీ కాదు, ఎండదీ కాదు. రెండు వాయువులు కలిసినప్పుడు పుట్టేది. బస్సుల పొగలో, బాయిలర్లలో, డీజిల్ జనరేటర్లలో తయారయ్యే నైట్రిక్ ఆక్సైడ్‌ను గాలితో పాటు లోపలికి పీల్చుకుని, దానికి ఓజోన్ కలుపుతాను. ఆ రెంటి కలయికలో నైట్రోజన్ డయాక్సైడ్ ఏర్పడుతుంది. కొత్తగా ఏర్పడిన అణువుల్లో కొన్ని అదనపు శక్తితో పుట్టి, దాన్ని వెలుగుగా వదిలేసి కుదుటపడతాయి. అమెరికాలో ఆర్థర్ ఫాంటైన్, ఆయన సహచరులు 1970లో ప్రచురించిన పరిశోధన పత్రం నా వంశానికి మూలం. మన దేశంలో 2009లో వచ్చిన జాతీయ వాయు నాణ్యతా ప్రమాణాలు నా పద్ధతిని పేరుపెట్టి గుర్తించాయి. హైదరాబాద్‌లో సనత్‌నగర్, జూపార్కు, పటాన్‌చెరు ఇక్రిశాట్ వంటి చోట్ల ఉన్న గాలి నాణ్యత కేంద్రాలు నాలాంటి యంత్రాలతో రాత్రీపగలూ నైట్రోజన్ ఆక్సైడ్ల లెక్కలు పంపుతూనే ఉంటాయి.

ఆ లెక్కలను ఎందుకు నమ్మాలి? పుట్టిన వెలుగులో నేను చూసేది చాలా తక్కువ. శక్తితో పుట్టే అణువులే కొన్ని. వాటిలోనూ చాలావరకు పక్కనున్న నైట్రోజన్‌నో ఆక్సిజన్‌నో ఢీకొని, వెలగకుండానే శక్తి పోగొట్టుకుంటాయి. మిగిలిన కొద్ది వెలుగు 600 నానోమీటర్ల దగ్గర ఎరుపులో మొదలై పరారుణంలోకి పోతుంది. దాని ఉచ్చస్థితి 1200 నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. నా కన్ను, అంటే ఫోటోమల్టిప్లయర్ ట్యూబు, అంత దూరం చూడలేదు. దానికి అందేది ఆ వెలుగు మొదటి అంచు మాత్రమే. పైగా దాని ముందు ఒక ఎర్ర అద్దం ఉంటుంది. ఇథిలీన్ లాంటి వాయువులు కూడా ఓజోన్ తగిలితే నీలంగా వెలుగుతాయి కాబట్టి, వాటిని ఆపడానికి ఆ అద్దం తప్పనిసరి. ఇంత వడపోసుకున్నాక మిగిలిన వెలుగుతో సత్యం చెబుతానంటే అనుమానం రావడం సహజమే.

నా జవాబు ఒక్కటే. కొలతకు కావలసింది మొత్తం చూడటం కాదు, ప్రతిసారీ అదే వంతు చూడటం. మానిక కాస్త చిన్నదైనా, ఎంత చిన్నదో తెలిసి రోజూ దానితోనే కొలిస్తే గింజల లెక్క తప్పదు. నాలోని ఏర్పాట్లన్నీ ఆ వంతును కదలకుండా పట్టి ఉంచడానికే. ఢీకొనడాలు తగ్గాలని కొలిచే గదిలోని గాలిని పంపు లాగేస్తుంది. ఆ గది వేడి మారకూడదు, లోపలికి వచ్చే గాలి వేగం మారకూడదు. ట్యూబు వేడెక్కితే వెలుగు లేకపోయినా ఎలక్ట్రాన్లు వాటంతటవే ఊడి లెక్కలో చేరతాయి, అందుకని దాన్ని చల్లగా ఉంచుతారు. నాకు మాటిమాటికీ చీకటిని కూడా చూపించాలి. శుద్ధి చేసిన గాలి పంపి, ఏమీ లేనప్పుడు నేనెంత చెబుతానో చూస్తారు. తరువాత సిలిండరులోని తెలిసిన మోతాదు నైట్రిక్ ఆక్సైడ్ పంపి, అప్పుడెంత చెబుతానో చూస్తారు. ఈ రెండు పరీక్షలూ లేకుండా నా తెరపై మూడు దశాంశ స్థానాల వరకు అంకె కనిపించినా దానికి విలువ లేదు.

వంతు మారే సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. సిలిండరులోని వాయువు పొడిగా ఉంటుంది, వానాకాలంలో విశాఖ గాలి అలా ఉండదు. నీటి ఆవిరి కూడా అణువుల శక్తిని లాగేసుకుంటుంది కాబట్టి, తేమ తీసే ఏర్పాటు లేకపోతే తడిగాలిలో నేను ఉన్నదానికన్నా కాస్త తక్కువ చెబుతాను.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది. చట్టం పరిమితి పెట్టింది నైట్రోజన్ డయాక్సైడ్‌కు: రోజు సగటు ఘనపు మీటరుకు 80 మైక్రోగ్రాములు, ఏడాది సగటు 40. నాకు నేరుగా తెలిసేది నైట్రిక్ ఆక్సైడ్. గాలిని కాసేపు యథాతథంగా, కాసేపు వేడి మాలిబ్డినం మీదుగా పంపుతారు. ఆ లోహం డయాక్సైడ్‌ను నైట్రిక్ ఆక్సైడ్‌గా మార్చేస్తుంది. రెండు లెక్కల తేడాయే మీరు చూసే అంకె. అయితే మాలిబ్డినం నైట్రిక్ ఆమ్లపు ఆవిరినీ, ఎండలో పుట్టే మరికొన్ని నైట్రోజన్ సమ్మేళనాలనూ కూడా మార్చేస్తుంది. మెక్సికో నగరంలో జరిగిన, 2007లో ప్రచురితమైన అధ్యయనంలో మధ్యాహ్నాలు ఈ అదనపు లెక్క డయాక్సైడ్ మోతాదులో 50 శాతం దాకా వెళ్లింది. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. వాహనాల పక్కన, అప్పుడే పుట్టిన పొగలో ఈ దోషం తక్కువ. నగరానికి దూరంగా, ఎండలో ముదిరిన గాలిలో ఎక్కువ. ఈ దోషం అంకెను పెంచుతుందే కాని చెడ్డగాలిని మంచిదని చెప్పించదు. కానీ ఓజోన్ ఎలా పుడుతుందో పరిశోధించేవారికి ఆ సమాధానం చాలదు. వారికి మాలిబ్డినం బదులు వెలుగుతో డయాక్సైడ్‌ను విడగొట్టే కన్వర్టరు కావాలి.

తీసివేతలో మరో చిక్కుంది. రెండు లెక్కలూ ఒకే క్షణానివి కావు. మధ్యలో లారీ వెళితే మొదటి లెక్క ఎక్కువై, తేడా సున్నాకన్నా కిందికి పోవచ్చు. అసలు ఉండని మోతాదు అనుకుని ఆ రుణ అంకెలను చెరిపేసేవారున్నారు. అది తప్పని గట్టిగా చెబుతాను. పైకి తప్పినవాటిని ఉంచి కిందికి తప్పినవాటిని తీసేస్తే సగటు అన్యాయంగా పెరుగుతుంది.

ఇన్ని లోపాలున్నప్పుడు పాత చేతిపద్ధతే మేలు కదా అనవచ్చు. గాలిని ద్రావణంలోకి పంపి, రంగు చూసి లెక్కగట్టే పద్ధతి వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 రోజులు చూస్తుంది. ఉదయం తొమ్మిదింటికి కూడలిలో ఎగిసిన పొగ అందులో విడిగా కనిపించదు, నా లెక్కలో కనిపిస్తుంది. ఆ లెక్క ఎంత నమ్మదగిందో చూసేవారికి తెలియాలి, అందుకే కూడళ్లలోని బోర్డుల మీద నా అంకె పక్కనే కొన్ని వివరాలు రాయమని కోరుతున్నాను: చివరిసారి శుద్ధి చేసిన గాలి ఎప్పుడు చూపించారు, సిలిండరు వాయువుతో ఎప్పుడు సరిచూశారు, కన్వర్టరు డయాక్సైడ్‌లో ఎంత శాతాన్ని మారుస్తోంది. అమెరికా నిబంధనల్లో ఆ చివరిది 96 శాతం కన్నా తగ్గితే కన్వర్టరును మార్చాలి లేదా బాగుచేయాలి.