మొగలో పుట్టి సరస్సుకు చేరిన వంశం

నేను కోపీపాడ్‌ని. జంతు ప్లవకాల్లో ఒకదాన్ని. మిల్లీమీటరుకు కాస్త మించిన ఒళ్లు, ఒంటికన్ను, చాచిన మీసాలు, కడుపు కింద గుడ్ల సంచి. నేనుండేది ఒంటారియో సరస్సులో. మా పూర్వీకులది సెయింట్ లారెన్స్ నది మొగ. అక్కడ పోటుకు సముద్రం ఎగదన్నుతుంది, ఆటుకు నది దిగొస్తుంది. పూట పూటకూ నీటి ఉప్పదనం మారుతుంది. ఆ నీళ్లలో చేపపిల్లలు మమ్మల్ని తినే పెరుగుతాయి.

1880లో పోపె అనే శాస్త్రవేత్త మాలాంటి జీవికే ‘అఫినిస్’ అని పేరు పెట్టాడు. ఆ తరవాత ఐరోపా, అమెరికా, ఆసియా మొగల్లో మాలాంటిది ఏది వలకు చిక్కినా అదే పేరు రాశారు. రూపం అంత ఒకటి మరి! 1999లో కారల్ యున్మీ లీ మా మైటోకాండ్రియా డీఎన్ఏ చదివి అసలు సంగతి బయటపెట్టారు. ఒక్క పేరు కింద ఎప్పుడో విడిపోయిన వంశాలు ఎన్నో ఉన్నాయి. జన్యువుల్లో దగ్గరివే అయినా, కొన్నిటిని జతకలిపితే సంతానం నిలవలేదు.

మేము ఒంటారియోలో మొదట కనిపించింది 1958లో. ఓడలు నిలకడ కోసం అడుగున నింపుకునే నీళ్లలో వచ్చి ఉంటామంటారు. రావడం ఒక ఎత్తు, బతకడం మరో ఎత్తు. మంచినీళ్లలో ఒంట్లోని లవణాలు జారిపోతూనే ఉంటాయి. వాటిని మళ్లీ లోపలికి లాక్కోవడానికి కణాల్లోని ప్రోటాన్ పంపులు గట్టిగా పనిచేయాలి. ఆ శక్తి ఉన్నవాళ్లు మా మొగలో ముందే ఉన్నారు. ఉప్పు పెరిగినప్పుడు కొందరు, తగ్గినప్పుడు ఇంకొందరు నెగ్గుతూ రావడం వల్లే ఆ వైవిధ్యం చెదరలేదని శాస్త్రవేత్తల ఊహ. నాకది నిజమనే అనిపిస్తుంది. ఆటుపోట్లు మాకు అన్నం పెట్టాయి, ఈ వైవిధ్యాన్నీ నిలిపాయి. నదికి అడ్డుకట్టలు వేసి మొగలో ఆ ఉప్పు మార్పును చంపేస్తే పోయేది ఈ వైవిధ్యమే. ఆ మార్పు లేని సరస్సులో తరాలు గడిచాక మాకు గాఢమైన ఉప్పును ఓర్చే బలం తగ్గింది కూడా.

2011లో అమెరికా అట్లాంటిక్ తీరం వంశాన్ని వేరే జాతిగా గుర్తించి, లీ గారి పేరు మీదుగా ‘కారలీయే’ అన్నారు. మేమూ ఆ వంశమే. మావాళ్లు ఇప్పుడు ఫిన్లాండ్ సింధుశాఖలోనూ కనిపిస్తున్నారు, అక్కడి అఫినిస్ పక్కనే. వలలో పడ్డవాటిని ఒకే పేరుతో లెక్క రాస్తే, అఫినిస్ తగ్గిపోతున్నా మొత్తం మాత్రం నిండుగానే కనిపిస్తుంది. ఎవరెవరో తేలాలంటే కాళ్ల ముళ్లు కొలవాలి, డీఎన్ఏ చూడాలి.