హాస్ బాగుంటదా, ఫ్యూర్టే బాగుంటదా?

కరీంనగర్‌లో డాబా ఉన్న ప్రతివాడూ ఇప్పుడు అవకాడో పండితుడే. "హాస్‌ల జీడిపప్పు రుచి ఉంటది" అంటాడొకాయన. "ఫ్యూర్టే తొక్క చూడు, ఎంత పల్చగ ఒలుస్తదో" అంటాడు పక్కింటాయన. రీడ్ రకం ముందు రెండూ దిగదుడుపే అని మూడో ఆయన తేల్చేస్తాడు. ముగ్గురి డాబాల మీదా కలిపి ఎన్ని కాయలు కాశాయని మాత్రం అడగొద్దు. అది అమర్యాద.

నర్సరీలో అయితే అన్నీ రాసిపెట్టే ఉంటాయి: మూడేళ్లలో కాపు, ఏ నేలైనా సరే, ఎంత ఎండైనా సరే! మే నెలలో రామగుండంలో 45 డిగ్రీలు దాటితే మనుషులే గడప దాటరు. కాలిఫోర్నియా చల్లగాలికి పుట్టిన హాస్ మాత్రం సిమెంటు కుండీలో నిలబడి పూత నిలుపుకుంటదట. ఆదిలాబాద్ నల్లరేగడి వానాకాలంలో నీళ్లు పట్టుకుంటే పత్తికే ఊపిరాడదు, అవకాడో వేరుకైతే నిలవనీరు చావే. రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మ్యాన్ లా హబ్రా హైట్స్‌లో పెంచి, 1935లో పేటెంట్ తీసుకున్న తల్లిచెట్టే 2002లో వేరుకుళ్లుతో పోయింది. పుట్టిన ఊళ్లో, ఏళ్ల తరబడి వైద్యం చేయించుకుని మరీ. దాని సంతానం ఆదిలాబాద్ పక్క జైనథ్ రేగట్లో బతికి బట్టకడుతుందని మనకు ధీమా.

సూపర్‌మార్కెట్ హాస్ గింజకు పుల్లలు గుచ్చి, గ్లాసు నీళ్లలో నిలబెట్టి, "మా ఇంట్ల హాస్ ఉంది" అనేవాళ్ల ధైర్యం ఇంకా గొప్పది. లోకంలో హాస్ అన్నదంతా ఆ ఒక్క చెట్టు నుంచి అంట్లు కట్టుకుంటూ వచ్చిందే. గింజ నుంచి వచ్చేదేమిటో దానికే తెలియదు. అది పూతకొచ్చేసరికి ఇంట్లో చంకపిల్లాడు పదో తరగతి పరీక్షలు రాస్తుంటాడు.

అసలు తమాషా పువ్వులో ఉంది. హాస్ పువ్వు పొద్దున ఆడదిగా విచ్చుకుని, మూసుకుని, మర్నాడు మధ్యాహ్నం మగదవుతుంది. ఫ్యూర్టే పువ్వు మధ్యాహ్నం ఆడది, మర్నాడు పొద్దున మగది. రెండూ దగ్గరుంటే కాపు మెరుగు. అంటే పిట్టగోడకు అటొకరు ఇటొకరు నిలబడి కొట్లాడుకునే ఈ ఇద్దరి చెట్లకూ ఒకదానితో ఒకటికి పని ఉంది. పెద్దమనుషులకు ఆ సంగతి ఎవరు చెప్పాలి?

వేడికి కాస్త ఓర్చుకునేది వెస్టిండియన్ జాతి. దాని అంటుమొక్క తెచ్చి, ఎత్తు కట్టిన మట్టిలో పెట్టి, మొదటి ఎండాకాలాలు నీడ పట్టి, మొదలు చుట్టూ ఆకు కప్పితే ఆశ ఉంది. కానీ ఆ కాయలో నూనె తక్కువ, రుచి పల్చన. పైగా చెప్పుకోవడానికి పేరు లేదు! అర్కా కూర్గ్ రవి రకం ఉంది కదా అంటారా, అదీ కొడగు కొండల్లో ఎంపిక చేసిందే. కొండ మన డాబా ఎక్కదు.

మే నెలలో జగిత్యాల చల్‌గల్ మార్కెట్ నుంచి మామిడి లారీలు ఢిల్లీకి కదులుతుంటాయి. అదే ఊళ్లో, అదే ఎండలో, ఒకాయన షేడ్‌నెట్ కింద మూడు ఆకుల హాస్‌కు నీళ్లు చిలకరిస్తుంటాడు. ఆ నెట్టు ఖర్చుకు ఎన్ని పెట్టెల బేనిషాన్ వచ్చేదో లెక్కేయమంటే, "పైసల ముచ్చట కాదన్నా, రుచి ముచ్చట మాట్లాడుదాం" అంటాడు.