రాసిచ్చారా?

మా బావగారు ప్రొఫెసరు. ఏ పాఠం చెబుతారో చుట్టాల్లో చాలామందికి తెలీదు గానీ, వాళ్ల యూనివర్సిటీలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీకి చైర్మన్ అన్న సంగతి తెలియనివాళ్లు లేరు. ఆ పదవి వచ్చిన దగ్గర్నుంచీ ఎవరితో మాట్లాడినా తల కాస్త పక్కకి వాల్చి, కళ్లు సగం మూసి, కుడిచేత్తో గాలిని మెల్లగా కిందికి అదుముతుంటారు. అవతలివాడు అరవకపోయినా సరే, శాంతించాల్సిందే.

ఎవరేం చెప్పుకున్నా ఆయన మొదట అడిగేది "రాసిచ్చారా?" అనే. మొన్న మా పిన్ని కూతురి పెళ్లిలో రెండో బంతికే గుత్తివంకాయ అయిపోయిందని మా పెద్దనాన్న విస్తరి ముందునుంచి లేవబోతుంటే, బావగారు వెళ్లి భుజం మీద చెయ్యేశారు. "మీ బాధ నాకర్థమైంది మావయ్యగారూ. కేటరింగువాళ్లకి రాసిచ్చారా?" పెద్దనాన్న నోట మాట రాలేదు. మజ్జిగ దాకా తలెత్తకుండా తిన్నారు. బావగారి లెక్కలో అది పరిష్కారమైన కేసు.

నిబంధనలంటారా, ఆయనకి కంఠతా. యూజీసీ 2023లో తెచ్చిన రెగ్యులేషన్లను కాఫీ ఇచ్చినవాళ్లందరికీ అప్పజెబుతారు. చైర్మన్‌గా ఒక ప్రొఫెసరు, నలుగురు సభ్యులు, ప్రత్యేక ఆహ్వానితుడిగా ఒక విద్యార్థి. మహిళ ఒకరైనా ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీల నుంచి ఒకరైనా ఉండాలి. ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో నివేదిక. అది నచ్చని విద్యార్థి మరో 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కి అప్పీలు చేసుకోవచ్చు, ఆయన 30 రోజుల్లో తేల్చాలి. ఇంత చెప్పి, "పనిదినాలు" అన్న మాట దగ్గర ఆగి చిన్నగా నవ్వుతారు. రెండో శనివారాలు, సంక్రాంతి సెలవులు, న్యాక్ బృందం వచ్చిన వారం తీసేస్తే ఆయన 15 రోజులు భోగిమంటల దగ్గర మొదలై శివరాత్రి జాగరణ దాకా నడుస్తాయి. అసలు ఫిర్యాదు ఎప్పుడు అందినట్టన్నది ఇంకో పెద్ద శాస్త్రం. ఆయన చేతికిస్తే అందినట్టు కాదు. తపాల్ సెక్షన్లో ఇన్‌వర్డ్ నంబరు పడాలి. నంబరేసే గుమస్తా తిరుపతి వెళితే ఆ యూనివర్సిటీలో కాలం ఆగిపోతుంది.

అంబుడ్స్‌పర్సన్‌ని నియమించని 157 యూనివర్సిటీల పేర్లు 2024 జూన్‌లో యూజీసీ బయటపెట్టినప్పుడు, పొద్దున్నే పేపరు చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చారు. వాళ్ల పేరు అందులో లేదట. అది చెప్పడానికే వచ్చారు. చెప్పి, రెండిడ్లీలు తిని వెళ్లారు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. వినడంలో ఆయన్ని మించినవాడు లేడు, ఇది వెటకారం కాదు. ఫిర్యాదు కొత్తావకాయ లాంటిదని, మూడోరోజు దాకా జాడీ మూత తియ్యకూడదని ఆయన సిద్ధాంతం. మూడోరోజుకి వచ్చినవాళ్లలో సగం మంది మళ్లీ రారు. ఆ సగాన్నీ పరిష్కారాల్లో కలిపేస్తారనుకోండి. మిగతా సగాన్ని కూర్చోబెట్టి, టీ చెప్పించి, ఏ ఊరు, ఎవరబ్బాయి అని మొదలుపెడతారు. ఓసారి అనుబంధ కాలేజీ నుంచి ఒక కుర్రాడొచ్చాడు. ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంటు డబ్బు వెయ్యలేదని కాలేజీవాళ్లు వాడి ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపేశారు. హైదరాబాదులో ఉద్యోగంలో చేరే తేదీ ముంచుకొస్తోంది. బావగారు గంటసేపు విన్నారు, వాళ్ల తాతది తమ పక్కూరేనని తేల్చారు, దరఖాస్తులో రెండు తప్పులు దిద్ది మళ్లీ రాయించారు. కుర్రాడు వట్టి చేతుల్తో, నిండు మనసుతో వెళ్లాడు. ఆ రాత్రి ఆయన డాబా మీదికి పోయి ప్రిన్సిపాలుకి ఫోన్ చేసి, సర్టిఫికెట్లు ఆపడం ఏ నిబంధన కింద తప్పో చెప్పి, ఆ తర్వాత నిబంధనల్లో లేని భాషలో కూడా కొంత మాట్లాడారని అక్క చెప్పింది. వాడి కాగితాలు వాడికొచ్చాయి. కమిటీ కూర్చున్నది ఆ తర్వాతి వారం. "సుదీర్ఘంగా చర్చించి పరిష్కరించడమైనది" అని మినిట్స్ రాశారు. ఫోన్ ఊసు ఎక్కడా లేదు. కమిటీ సిఫార్సే చేస్తుంది గానీ ఆజ్ఞాపించదు కదా!

ఇక సిబ్బంది కూడా ఆయన దగ్గరికే వస్తారు, వాళ్ల కాగితాలు పొట్టివి. డీఏ బకాయిలు, కారుణ్య నియామకాలు, టైమ్‌స్కేలు. వీటికి ఆయన దగ్గర జవాబు లేదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు. "ఫైనాన్స్‌కి పంపాం" అని కిటికీ వైపు చూస్తారు. అప్పుడు టీ తెచ్చే అటెండరు కూడా టైమ్‌స్కేలు అడిగినవాడే. తన అర్జీ ఏ బల్ల మీదుందో బావగారి కన్నా అతనికే బాగా తెలుసు, ఫైళ్లు మోసేది అతనే మరి.

అసలు వైభవమంతా మాస్టార్ల ఫిర్యాదుల్లో ఉంది. యూజీసీ పెట్టిన ఆ గడువు విద్యార్థుల ఫిర్యాదులకే. మాస్టార్లది వేరే కమిటీ, దానికీ ఎవరూ ఒప్పుకోక ఈయన్నే కన్వీనర్ని చేశారు. విద్యార్థి ఫిర్యాదు అరపేజీ. ప్రొఫెసరు ఫిర్యాదుకి ఉపోద్ఘాతం, అనుబంధాలు, అధోజ్ఞాపికలు ఉంటాయి. తనకన్నా జూనియర్‌కి ముందు హెచ్ఓడీ ఇచ్చారని ఒకరు, ప్రమోషన్ ఏ తేదీ నుంచి వర్తించాలో ఇంకొకరు. వీటన్నిటికీ తలమానికం, పక్కపక్క గదుల్లో ఉండే ఇద్దరు ప్రొఫెసర్ల బీరువా తగాదా. బీరువా వరండాలో ఉంటుంది. తాళంచెవి ఒకరి దగ్గర, లోపలి పుస్తకాలు ఇంకొకరివి. ఇద్దరికీ పీహెచ్‌డీ గైడు ఒక్కరే, ఆయన పోయాక ఆ బీరువాకి వారసులం మేమంటే మేమని వీళ్లు. బావగారు సబ్‌కమిటీ వేశారు. అది బీరువాని పరిశీలించి, మరో సబ్‌కమిటీ కావాలని సిఫార్సు చేసింది. చివరికి ఆయనకి మెరుపులాంటి ఆలోచనొచ్చి ఆ ఇద్దరినే సబ్‌కమిటీగా వేశారు. పదేళ్లుగా మొహాలు చూసుకోని మనుషులు వారం రోజులు ఒకే గదిలో కూర్చుని, ఏకగ్రీవంగా, బావగారి మీద ఫిర్యాదు రాశారు.

దాన్ని ఆయన తెల్లారి మా అందరికీ చదివి వినిపించారు. "భాష చూడండి, ఎంత పొందిగ్గా ఉందో! కలిసి రాస్తే ఇలా ఉంటుంది" అన్నారు. మనసులో ఉక్రోషమేమైనా ఉందేమోనని మొహంలోకి చూశాను. లేదు. ఇన్‌వర్డ్ నంబరు వేయించారా అని అక్క అడిగితే, తనే దగ్గరుండి వేయించానన్నారు.

రిటైర్మెంటు దగ్గరపడింది. రిటైరైన ప్రొఫెసర్లు అంబుడ్స్‌పర్సన్ కావచ్చనీ, 70 ఏళ్లు నిండేదాకా ఉండొచ్చనీ ఈమధ్య పదేపదే గుర్తుచేస్తున్నారు. సొంత యూనివర్సిటీలో బాగుండదట, పక్క జిల్లా యూనివర్సిటీ మీద చూపుంది. నిన్న అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. కుళాయి కారుతోంది. ఎప్పటినుంచి కారుతోందో, నిమిషానికెన్ని చుక్కలో, అంతకుముందు ఎవరికి చెప్పావో అన్నీ ఓపిగ్గా విని, తలూపి, ఆయన కునుకు తియ్యడానికి వెళ్లారట.

"ఒరే తమ్ముడూ, ఆ పక్క యూనివర్సిటీలో నీకెవరైనా తెలిసుంటే గట్టిగా చెప్పి ఆ ఉద్యోగం ఇప్పించరా" అంది గిన్నె కుళాయి కింద పెడుతూ. "రోజంతా ఇంట్లోనే ఉంటే అన్నీ వింటారు."