బావగారి డిక్కీ: టీకా తాత్పర్య సహితం

మూలం

టెంటు కింద పెట్టి డిక్కిలో పొయ్యిని
పైన నిలిపి కుర్చి పక్క జొనిపి
మోకుతోడ బిగియ ముడివేసె మా బావ
మూల మిగులు చోటు ముసలి కొసగె

అవతారిక

సకుటుంబంగా గండికోటకు పోయి, పెన్నా లోయ అంచున గుడారం వేసి, ఒక రాత్రి నిద్ర చేసి రావలెనని సంకల్పించిన ఒకానొక గృహస్థు, ఏడు సీట్ల ఇన్నోవాలో సామాను సర్దిన వైనాన్ని కవి ఈ ఆటవెలదిలో వర్ణిస్తున్నాడు. కవి పేరు తెలియరాలేదు. కడుపుమంటను బట్టి ఆ గృహస్థుకు బావమరిది అయివుంటాడని పండితుల ఊహ. స్థలం హైదరాబాదులో ఒక అపార్టుమెంటు సెల్లారు. కాలం తెల్లవారుజాము. నాయకుడు ధీరోద్ధతుడు. డిక్కీ దగ్గరికి ఎవరు వచ్చినా "ముట్టుకోకండి, సిస్టం పోతుంది" అనడం ఆయన లక్షణం.

మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. మన మెదకు సీమ కొల్చారం వాడని చెప్పుకునే ఆ మహానుభావుడికి కాళిదాసు దొరికాడు గనక ఆ నియమం చెల్లింది. డిక్కీ దొరికినవాడికి చెల్లదు.

ప్రతిపదార్థం

టెంటు అనగా టెంటు. డిక్కి అనగా డిక్కీయే, గణం కోసం కురచైంది. పొయ్యి, కుర్చీ అందరికీ తెలిసినవే. తక్కినది సులభము.

పాఠాంతరం

మూడో పాదంలో "మా బావ" అన్నచోట మా అక్క వేరొక మాట చదువుతుంది. అర్థపుష్టి దానికే ఎక్కువ. గణభంగమవుతున్నందున స్వీకరించలేదు.

విశేషాంశాలు

"టెంటు కింద పెట్టి": ఉదయం బయలుదేరినా దారిలో టిఫిన్లు, భోజనాలు, ఫొటోలు ముగించుకుని జమ్మలమడుగు దాటేసరికి పొద్దు వాలుతుంది. దిగగానే కావలసింది టెంటు. అది అన్నిటికీ అడుగున ఉంది. కాబట్టి కుర్చీలు, పొయ్యి, పరుపులు, పులిహోర డబ్బా, నీళ్ళ క్యాన్లు సమస్తం చీకట్లో బండల మీదికి దించితే తప్ప టెంటు దర్శనం కాదు. ముందు అక్కరకొచ్చేది చివర ఎక్కించాలన్నది సంచి సర్దుకునే బడిపిల్లకు కూడా తెలుసు. సిస్టం ఉన్నవారికి వేరే నియమాలుంటాయి కాబోలు.

"పొయ్యిని పైన నిలిపి": ఇనప పొయ్యి ఎక్కడ నిలిచింది? సీటు వీపు దాటి, కూర్చున్నవారి తల ఎత్తున. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నయినా గుద్దుకుని ఠక్కున ఆగితే, కట్టని వస్తువు అదే వేగంతో ముందుకు వస్తుంది. 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఇంచుమించు నాలుగంతస్తుల మేడ మీద నుంచి, పడినప్పుడు ఉండే వేగం అది. బ్రేకు కారుకు పడుతుంది, పొయ్యికి పడదు. బరువైనవి అడుగున, సీటు వీపుకు ఆనించి పెట్టమనేది ఇందుకే. ఇక ఆ పొయ్యిలోకి తెచ్చిన చిన్న గ్యాసు డబ్బాను వెనక అద్దం పక్కన ఎండకు నిలిపారు. 50 డిగ్రీలు దాటే వేడికి గురిచేయరాదని ఇలాంటి డబ్బాల మీదే అచ్చువేసి ఉంటుంది. కడప ఎండలో అద్దాలు బిగించి నిలిపిన కారుకు ఆ గీత దాటడం ఒక లెక్క కాదు. ఆ మాట చెప్పబోయిన వ్యాఖ్యాతను "నువ్వు ఊరుకో" అన్నారు. ఊరుకున్నాడు. అందుకే రాస్తున్నాడు.

"మోకుతోడ బిగియ ముడివేసె": ఇక్కడ వ్యాఖ్యాత కాసేపు దారి తప్పుతాడు. తొందరున్నవారు తాత్పర్యానికి పోవచ్చు.

మోకు అనగానే గడ్డిబండి గుర్తుకు రావలసిందే. నూర్పిళ్ళయ్యాక కళ్ళం నుంచి ఇంటికి వరిగడ్డి తోలేటప్పుడు బండి మీద ఒకడు, కింద ఒకడు. కిందివాడు మోపు అందిస్తుంటే పైవాడు ముందు అంచులు పేర్చుకొచ్చి, తరవాత నడిమి గుంట నింపేవాడు. నడిమి గడ్డి అంచుల్ని తొక్కిపట్టి జారనిచ్చేది కాదు. ముందు నొగల మీదికి కొంత, వెనక చక్రాలు దాటి కొంత, మొత్తం మీద బరువు ఇరుసుకు అటూ ఇటూ సమంగా పడాలి. ఆ పైన మోకు. ముందు కట్టి, గడ్డి మీదుగా వెనక్కి విసిరి, ఇద్దరు వేలాడి లాగితే మేటు అణిగి కూర్చునేది. ముడి ఒక్కటే. దారిలో ఎన్ని గోతులు వచ్చినా ఊడేది కాదు, ఇంటి దగ్గర ఒక్క లాగుకు ఊడివచ్చేది.

ఇంత చేసినా ఎడ్లను వెంటనే కట్టేవాడు కాదు రైతు. ముందుకొచ్చి కాడి చేత్తో ఎత్తి చూసేవాడు. మరీ తేలిగ్గా లేచిందా, వెనక బరువెక్కువ. మెడ కింది తాడు ఎద్దు గొంతుకు బిగుస్తుంది. అసలు లేవలేదా, ముందు బరువెక్కువ. ఎద్దు మెడ పుండు పడుతుంది. రెండింటిలో ఏదైనా సరే మళ్ళీ పైకెక్కి నాలుగు మోపులు అటువి ఇటు జరిపేవాడు. ఎద్దు నోరున్న ప్రాణి కాదు. అయినా బరువు మోసేదానికి ఎలా ఉంటుందో బండి కదలకముందే కనుక్కునేవాడు. తన దగ్గర సిస్టం ఉందని ఎవరికీ చెప్పుకోలేదు. ఆ బళ్ళు పోయాయి, ట్రాక్టర్లొచ్చాయి, ఇప్పుడు గడ్డిని చుట్టలు చుట్టే యంత్రాలూ వచ్చాయి. కాడి ఎత్తి చూసే ఆ చెయ్యి మాత్రం ఏ వాహనంతోనూ రావడం లేదు.

ఎక్కడున్నాం? డిక్కీలో. బావగారు మోకును సామాను మీదుగా తీసి వెనక సీటు హెడ్‌రెస్టు కడ్డీలకు కట్టారు. సామాను ముందుకు ఉరికితే ఆ లాగుడు ఎవరి తల వెనక పడుతుందో నాలుగో పాదం చెబుతుంది.

"మూల మిగులు చోటు ముసలి కొసగె": మూడు వరుసలూ నిలిపి ఉంచితే ఈ కొత్త ఇన్నోవాలో వెనక మిగిలే చోటు 300 లీటర్లు. బావగారి సామానుకు అది చాలదు. అందుచేత మూడో వరుసలో ఒక భాగం మడిచారు, ఇంకో భాగం మీద గాలిపరుపులు పేర్చారు, మిగిలిన మూల అత్తయ్యగారికి ఇచ్చారు. ఆవిడ బావగారి తల్లి. డెబ్బై దాటిన మనిషి. ఒళ్ళో వంటపాత్రల సంచి, కాళ్ళ కింద నీళ్ళ క్యాను. బెల్టు బకిలు పరుపుల అడుగున ఎక్కడో ఉంది. "ఫర్వాలేదులే నాయనా, నేను సర్దుకుంటాను" అన్నారావిడ. ఆ ఇన్నోవాలో నిజంగా సర్దుకున్నది ఆవిడొక్కతే.

పూర్వపక్షం, సిద్ధాంతం

"మా చిన్నప్పుడు అంబాసిడర్‌లో పదిమందిమి తిరుపతి పోయొచ్చాం, ఏమైంది?" అని బావగారి పూర్వపక్షం. ఏమైనా అయినవాళ్ళు ఆ ప్రశ్న అడగడానికి మిగలరు. ముందుకు చూసే వెనక సీట్లలో కూర్చున్నవారూ బెల్టు పెట్టుకోవాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. పెట్టుకోకపోతే చట్టంలో 194బి సెక్షను కింద 1,000 రూపాయల జరిమానా. పెద్దావిడ ఫర్వాలేదన్నారు కదా అంటే ఆ సెక్షను ఒప్పుకోదు.

అలంకారం

అసంగతి. కారణం ఒకచోట, కార్యం మరొకచోట. మోకు బిగిసింది డిక్కీలో, మోకాళ్ళు పట్టేసింది అత్తయ్యగారికి. ఛందస్సు నిర్దోషం. నాలుగు పాదాల్లోనూ యతి చక్కగా కూర్చుంది. మనిషి కూర్చోలేదు.

తాత్పర్యం

సామానును ఇంత బిగువుగా కట్టి, మనిషిని కట్టకుండా వదిలేసిన సర్దుడు సర్దుడు కాదు. చదువరులకు మనవి: ఈ సెలవులకు మీరూ గుడారం ఎత్తుకుని బయలుదేరేట్టయితే, ముందు అన్ని సీట్ల బకిళ్ళూ పైకి తీయండి. అందరినీ కూర్చోబెట్టి, బెల్టులు పెట్టించి, మూల కూర్చున్న పెద్దవారిని ఎలా ఉందని అడగండి. "ఫర్వాలేదు" అంటే మళ్ళీ అడగండి. ఆ తరవాత మిగిలిన చోటే సామానుది. బరువైనవి అడుగున, టెంటు చేతికందే చోట. చోటు చాలకపోతే కుర్చీలు ఇంట్లో వదిలేయండి. గండికోటలో కూర్చోవడానికి బండలకు కొదవ లేదు.