గుర్రమూ గుడారమూ: టీకా తాత్పర్య సహితం

మూలము

ఆ. అడవి యేటి చెంత నశ్వమ్ము తోడుగాఁ
దరుల నడుమ నెత్తు త్రాటఁ గట్టి
లద్ది యెత్తి నీళ్లు లాగి గడ్డిని వేసి
పండుకొన్నవాఁడె భాగ్యశాలి.

అవతారిక

ఈ పద్యానికి కర్తనూ నేనే, వ్యాఖ్యాతనూ నేనే. కవిహృదయం ఎరగక రాశాడన్న నింద తప్పించుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మెదక్ సీమ కొలిచారం వంశపు మల్లినాథసూరి పూర్వం ఒట్టు పెట్టుకున్నాడు. అందులో మొదటి సగం నాకూ సమ్మతమే. రెండో సగం పాటిస్తే వ్యాఖ్యాతలెవరికీ పని ఉండదు.

ఇక సందర్భం. అమెరికాలో గుర్రాలున్నవాళ్లు సెలవు దొరికితే వాటిని ట్రైలరెక్కించి, ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించి, అడవుల్లోని హార్స్ క్యాంపులకు తీసుకుపోతారు. పగలు స్వారీ, రాత్రి గుడారం. ఇందులోని అడవి టెనెసీ, నార్త్ కరోలినా రాష్ట్రాల సరిహద్దు మీది గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు అనుకోండి. 1934లో ఏర్పడిన ఆ పార్కులో ట్రక్కు పోగలిగిన హార్స్ క్యాంపులు ఐదున్నాయి: ఆంథొనీ క్రీక్, బిగ్ క్రీక్, కాటలూచీ, రౌండ్ బాటమ్, టో స్ట్రింగ్. గుర్రాలను రానిచ్చే కొండబాటలు సుమారు 550 మైళ్లు.

ప్రతిపదార్థము

అడవి = అరణ్యమందలి; ఏటి చెంతన్ = సెలయేటి సమీపమున (మరీ సమీపమున కాదు); అశ్వమ్ము = గుర్రము; తోడుగాన్ = సహాయముగా (ఎవరికి ఎవరన్నది ముందు తేలును); తరుల నడుమన్ = చెట్లకు మధ్య (చెట్టుకు కాదు); ఎత్తు త్రాటన్ = తలకు పైన బిగించిన తాటియందు; కట్టి = బంధించి; లద్ది = లద్దిని; ఎత్తి = పారతో ఎత్తి; నీళ్లు = జలములను; లాగి = తెచ్చి; గడ్డిని = యోగ్యతాపత్రము గల ఎండుగడ్డిని; వేసి = మేతగా నుంచి; పండుకొన్నవాఁడె = పిమ్మట శయనించినవాడే; భాగ్యశాలి = అదృష్టవంతుడు.

తాత్పర్యము

అడవిలో ఏటి దగ్గర దిగి, గుర్రాన్ని పద్ధతి ప్రకారం కట్టి, దాని లద్ది ఎత్తి, నీళ్లు పెట్టి, మేత వేసి, ఆ పైన నడుం వాల్చగలిగినవాడు ధన్యుడని భావం. నాలుగు పాదాల్లోనూ స్వారీ ఊసే లేదు. కవి మరిచిపోయాడని కొందరంటారు. మరవలేదు. గుర్రం మీద గడిపే కాలం కంటే గుర్రం కోసం గడిపే కాలమే ఎక్కువ కాబట్టి, ఉన్న చోటును దానికే ఇచ్చాడు.

వ్యాఖ్య

‘ఏటి చెంత’ అన్నాడు కదా అని ఒడ్డుకే పోయి గుడారం పాతకూడదు. క్యాంపుల్లో ఎవరి చోటు ఏదో ముందే నిర్ణయించి ఉంటుంది. ఏ ఏర్పాటూ లేని అడవిలో దిగేవాడు మాత్రం నీటికి 200 అడుగులు, అంటే 60 మీటర్లు, ఎడంగా ఉండాలని, అడవిలో జాడ వదలకూడదనే ‘లీవ్ నో ట్రేస్’ నియమం. టేపు అక్కర్లేదు, పెద్దవాళ్ల నడకలో 70, 80 అంగలు. అరటన్ను జంతువు నాలుగు గిట్టలతో ఒకే చోట నిలబడి రాత్రంతా తొక్కితే ఒడ్డు విరిగి ఏట్లో పడుతుంది. లద్దీ మూత్రమూ వానతో పాటు నీళ్లలో దిగుతాయి. ఆ నీళ్లే కింద ఇంకో క్యాంపువాడు మరగబెట్టుకుని టీ కాచుకుంటాడు.

ఏటికి కూడా తనదైన అభిప్రాయం ఉంటుంది. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను తెచ్చిన వరదకు బిగ్ క్రీక్, కాటలూచీ ప్రాంతాలు రెండూ దెబ్బతిని, దారులు పాడై మూతపడ్డాయి. పద్యంలో ఏరు ఏడాది పొడుగునా ఒకేలా పారుతుంది.

‘అశ్వమ్ము తోడుగా’. తోడు తెచ్చుకున్నదాన్ని మరుసటి పాదంలోనే తాటికి కట్టడం ఏం మర్యాదని ఇక్కడొక ఆక్షేపణ. సమాధానం: గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు దొరికే జంతువు. చీకట్లో కొమ్మ విరిగితే అది ఆలోచించదు, పరుగు తీస్తుంది. ఊరు తెలియని కొండల్లో అలా పోయినదాన్ని వెతకడం తెల్లారినా తేలే పని కాదు.

ఈ తోడుకు కాగితాలు కూడా కావాలి. ఈక్వైన్ ఇన్‌ఫెక్షియస్ ఎనీమియా అనే రక్తరోగం గుర్రం నుంచి గుర్రానికి జోరీగల ద్వారా పాకుతుంది. దానికి మందు లేదు. రోగం బయటపడ్డ గుర్రాన్ని చంపెయ్యాలి, లేదా బతికినన్నాళ్లూ మిగతావాటికి దూరంగా వేరే కట్టెయ్యాలి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో లెరాయ్ కాగిన్స్ అనే పశువైద్యుడు 1970 ప్రాంతంలో దీనికి రక్తపరీక్ష కనిపెట్టాడు. ఆ పరీక్షలో రోగం లేదని తేలిన కాగితం జేబులో లేకుండా గుర్రంతో రాష్ట్రం సరిహద్దు దాటడం చాలాచోట్ల కుదరదు. వంటచెరుకు సంగతీ ఇంతే. చెట్లను తినే పురుగులు కట్టెల్లో దాగి వస్తాయని, ఈ పార్కులోకి బయటినుంచి తెచ్చేవి వేడిచేసి ముద్ర వేసిన కట్టెలే అయి ఉండాలి. గుర్రానికో పత్రం, కట్టెకో ముద్ర. వీటిని తెచ్చిన మనిషి మాత్రం క్యాంపు బుక్ చేసుకుంటే చాలు, అతని రక్తం ఎవరూ అడగరు.

‘తరుల నడుమ నెత్తు త్రాటఁ గట్టి’. పద్యానికి ఆయువుపట్టు ఇక్కడుంది. నిలువు కొయ్యలు పాతి, అడ్డుకర్ర వేసిన చోట గుర్రాన్ని దానికే కట్టాలి. అది లేని చోట, అధికారులు ఒప్పుకుంటే, హైలైన్ కడతారు. రెండు బలమైన చెట్ల మొదళ్లకు వెడల్పాటి పట్టీలు చుట్టి, వాటి మధ్య తాడును వాలకుండా బిగిస్తారు. సుమారు 7 అడుగుల ఎత్తు, గుర్రం తలెత్తినా తగలకూడదు. మధ్యలో జరగని ముడి వేసి, దానికి పగ్గం కడతారు. విద్యంతా ఆ పగ్గం పొడవులో ఉంది. మూతి కింది గడ్డిని అందుకోవాలి, కాలు మాత్రం పగ్గాన్ని దాటకూడదు. కాలు చిక్కుకుందా, అర్ధరాత్రి యుద్ధమే. అందుకే ఆ చివరి ముడి జారుముడి, కొస పట్టి ఒక్క లాగు లాగితే ఊడిరావాలి. పక్కపక్క గుర్రాల మధ్య ఒకదాని తన్ను ఒకదానికి అందనంత ఎడం ఉంచాలి. స్నేహితుల గుర్రాలైనా సరే.

ఇంత శ్రమ ఎందుకు, ఎదురుగా చెట్టుండగా దానికే కట్టెయ్యొచ్చు కదా అనే లౌకికులకు రెండు జవాబులు. ఆకులు తయారుచేసుకున్న ఆహారం వేళ్లకు దిగేది బెరడు కింది పల్చటి పొరలోంచి. తాడు ఒరిసి ఒరిసి బెరడు చుట్టూ తెగిందంటే వేళ్లు పస్తుంటాయి. చెట్టు ఆ రోజే చావదు. కట్టినవాడు ఇల్లు చేరి, ఫొటోలు అందరికీ చూపించి, సంగతంతా మరిచాక చస్తుంది. రెండోది, ఊసుపోని గుర్రం ముందరి కాలితో నేల గోకుతుంది. కాలికేమో ఇనుప లాడం. పొద్దున్నకు వేళ్లు బయట పడతాయి. పార్కుల్లో పాత హార్స్ క్యాంపులను చూసినవాడు ఈ మాట కాదనడు.

శాస్త్రప్రమాణం కూడా ఉంది. భారతం అరణ్యపర్వంలో బాహుకుడి వేషంలో ఉన్న నలుడు ఋతుపర్ణుడి రథం ఆపి, తాండ్ర చెట్టు కాయలు లెక్కపెట్టడానికి దిగుతాడు. అశ్వహృదయం తెలిసినవాడు, ఎదురుగా చెట్టు ఉంది, పైగా తొందర. అయినా చెట్టుకు కట్టలేదు. పగ్గాలు తోటి సారథి వార్ష్ణేయుడి చేతికిచ్చాడు. ఇది చెట్టు మీది దయతో చేసిందేనని ప్రస్తుత వ్యాఖ్యాత సిద్ధాంతం.

‘తరుల’ అన్న బహువచనం గురించి మరొక్క మాట. ఏ చెట్లన్నది చూసుకోవాలి. స్మోకీస్‌లో శరత్కాలపు సొగసులో సగం రెడ్ మేపుల్‌దే, కాని దాని వాడిన ఆకు గుర్రం తింటే రక్తంలోని ఎర్రకణాలు పగిలిపోతాయి. పచ్చి ఆకు కంటే వాడినదే ప్రమాదం, అంటే విరిగి రాలిన కొమ్మే శత్రువు. తాడు కట్టేముందు తలెత్తి చూడడం సగం పనే, తలదించి కూడా చూడాలి.

ప్రసంగవశాన మనవాళ్లకొక మనవి. అట్లాంటా, షార్లెట్‌ల నుంచి తెలుగు కుటుంబాలు పులిహోర డబ్బాలతో ఈ కొండలకు వస్తుంటాయి. కాలిబాటలో గుర్రాలు ఎదురైతే దారి వాటిదే. పల్లపు వైపు తప్పుకుని నిలబడాలి. ఊపిరి బిగబట్టి నిశ్శబ్దంగా ఉండడం మర్యాద అనుకుంటారు, అది తప్పు. వీపున మూటతో కదలకుండా పొంచి ఉన్న ఆకారం గుర్రం కంటికి ఏ మృగమో అనిపిస్తుంది. మామూలు గొంతుతో రౌతును పలకరిస్తే ఇది మనిషేనని దానికి తెలుస్తుంది. మాట్లాడమంటే మనవాళ్లు వెనుకాడరు. ఫోటో కోసం అడ్డంగా నిలబడడం మాత్రం వద్దు.

‘లద్ది యెత్తి’. మేత కంటే ముందు లద్దిని చెప్పడం క్రమభంగమని పూర్వవ్యాఖ్యాతలు కొందరు ముక్కు మూసుకున్నారు. గుర్రాన్ని పెంచినవాళ్లు అలా అనరు. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు. లోపలికి పోయింది వెనక నుంచే రావాలి. ప్రయాణపు బెదురులో నీళ్లు తక్కువ తాగితే పేగులో మేత గట్టిపడి దారి మూసుకుంటుంది, దాంతో వచ్చే కడుపునొప్పినే కాలిక్ అంటారు, ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి పొద్దున్నే గుడారంలోంచి బయటికొచ్చినవాడు కాఫీ నీళ్లు పెట్టేముందు చూసేది లద్ది పడిందా లేదా అన్నది. కుప్పలు కనిపిస్తే ప్రాణం కుదుటపడుతుంది. శుభసూచకాన్ని ముందు చెప్పడం కావ్యమర్యాదే కనుక ఇక్కడ దోషం లేదు.

ఆ శుభానికి బరువుంది. 500 కిలోల గుర్రం రోజుకు విడిచేది, మూత్రంతో కలిపి, 20 కిలోలకు పైమాటే. తొట్టె ఉన్న చోట తొట్టెలో, లేని చోట తిరుగు ప్రయాణంలో ట్రైలర్‌లోనే. మారుమూల అడవిలో మాత్రం పల్చగా చెదరగొట్టాలి. చెదిరితే ఎండిపోతుంది, కుప్పగా వదిలితే ఈగలు కాపురం పెడతాయి.

‘నీళ్లు లాగి’. ఏటి నీళ్లు ముంచాలి గాని లాగడమేమిటంటే, అది యతి కోసం. కవి కష్టం కవిది. రౌతు కష్టం వేరు: గుర్రం రోజుకు 20 నుంచి 40 లీటర్లు తాగుతుంది, 10 లీటర్ల బకెట్‌తో నాలుగు తిరుగుళ్ల దాకా. రెండు గుర్రాలైతే లెక్క మీరే వేసుకోండి, 60 మీటర్లను కూడా కలుపుకుని. అంత మోసుకొచ్చి ముందు పెడితే అది వాసన చూసి మొహం తిప్పుకుంటుంది, ఇంటి నీళ్ల రుచి కాదని. అనుభవజ్ఞులు ప్రయాణానికి ముందే ఇంట్లో నీళ్లలో కాస్త ఆపిల్ రసం కలిపి అలవాటు చేస్తారు. అడవిలోనూ అదే కలిపితే రెండు నీళ్లూ ఒకటే అనుకుంటుంది.

‘గడ్డిని వేసి’. రోజుకు 10 కిలోల వరకు. పశ్చిమ రాష్ట్రాల్లోని చాలా నేషనల్ ఫారెస్టుల్లో కలుపు గింజలు లేవని ధ్రువీకరించిన గడ్డే తేవాలి, ఎందుకంటే గింజ గుర్రం కడుపులోంచి చెక్కుచెదరకుండా బయటపడి, కావలసినంత ఎరువుతో సహా, కొత్త అడవిలో మొలుస్తుంది. దాణా అయితే ఎలుగుబంటికి అందకుండా దాచాలి. ఇంతకంటే ఇక్కడ విశేషం లేదు.

‘పండుకొన్నవాఁడె భాగ్యశాలి’. ఈ భాగ్యశాలి ఎవరు? పై పాదాల్లో మేతా నీళ్లూ అందుకున్నది గుర్రం కనుక భాగ్యశాలి గుర్రమేనని ఒక పక్షం. వాదం ఆకర్షణీయంగానే ఉంది, కాని నిలవదు. గుర్రం నిలబడే నిద్రపోగలదు. వెనక కాలి చిప్ప గొళ్లెంలా బిగుసుకుని ఒళ్లు పడిపోకుండా పట్టుకుంటుంది. ఒళ్లు పూర్తిగా సడలే నిద్రకు మాత్రం పడుకోవాలి, అదీ రోజు మొత్తానికి ఓ అరగంట, తునకలు తునకలుగా, చోటు మీద నమ్మకం కుదిరితేనే. కొత్త అడవిలో మొదటి రాత్రి ఆ నమ్మకం ఎక్కడిది? కాబట్టి ‘పండుకొన్నవాఁడు’ మనిషే. పగలంతా ఎక్కి ఊరేగినవాడు రాత్రికి దానికి సేవకుడై, సేవ ముగిశాక పడుకున్నాడు. తోడు వచ్చింది గుర్రం కాదు, ఇతనే.

పడుకున్నాడు అన్నాడు గాని నిద్రపోయాడు అనలేదు కవి. నేషనల్ పార్కు క్యాంపుల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్ద వేళలు. ఈ నియమం గుర్రాలకు ఎవరూ చదివి వినిపించలేదు. ఒకటి సకిలిస్తుంది, అవతలి క్యాంపులోది బదులిస్తుంది. లాడం రాయికి తగులుతుంది. గుడారంలో మనిషి అది గోకుడా, తన్నా, తాడు సడలిందా అని లెక్కలు వేస్తూ ఉంటాడు. ఏ చప్పుడూ లేకపోతే మరీ భయం, టార్చి పట్టుకుని లేస్తాడు.

పూరణ

పద్యంలో తిరుగు ప్రయాణం లేదు, అది ఈ కవి చేసిన లోపం. గిట్టలు తవ్విన గుంటలు పూడ్చాలి, రాలిన గడ్డి పరకలు ఊడ్చాలి, పట్టీలు విప్పి బెరడు మీద గీత పడిందేమో చూడాలి, పార మరిచిపోకుండా ట్రక్కులో వెయ్యాలి. ఇవన్నీ ఇమిడే రెండో ఆటవెలది పాఠకుల్లో ఎవరైనా రాసి పంపగలరు. వ్యాఖ్య నేను చూసుకుంటాను.